చెరిపిన గీత నిజంగా చెరిగిందా? ఒక గుడ్లగూబ బొమ్మ ప్రాజెక్టు డైరీ

కంప్యూటర్‌లో గీసిన ఈ గుడ్లగూబ తెల్ల కాన్వాస్ మీద బాగానే ఉంది. కింద ముదురు నీలం రంగు నింపగానే బండారం బయటపడింది. తల చుట్టూ తెల్లటి మరకలు, రెక్కల పక్కన పొగలాంటి చారలు, ఎప్పుడో తీసేశాననుకున్న మూడో కాలు తాలూకు నీడ. చెరిపేశాననుకున్నవన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

బొమ్మ గీసిన కథ రాయను. చెరపడం గురించే రాస్తాను. మొత్తం 16 గంటల 35 నిమిషాలు పట్టింది, అందులో దాదాపు సగం నేను చేసిన తప్పులు దిద్దుకోవడానికే పోయింది. ఇదే పని మీకు పడితే ఆ సగం మీకు మిగలాలి.

దశ 0: చేతిలో ఉన్నవి, కొలిచే తీరు

బొమ్మ 3000 × 4000 పిక్సెళ్ళు, అంటే 1 కోటీ 20 లక్షలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా కలిపి పిక్సెల్‌కి 4 బైట్లు కాబట్టి నిండు లేయర్ ఒక్కటే 48 మెగాబైట్లు. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొర. నా లేయర్లు 9: గీతలు, ముఖం, కళ్ళు, ఛాతీ, ఎడమ రెక్క, కుడి రెక్క, కాళ్ళు, నీడ, కొమ్మ. గీసింది క్రిటాలో, కొలిచింది గింప్‌లో; రెండూ బొమ్మలు గీసే, దిద్దే సాఫ్ట్‌వేర్లే.

ఆల్ఫా అంటే ఆ పిక్సెల్ ఎంత గట్టిగా కనబడాలో చెప్పే అంకె. 255 ఉంటే నిండుగా కనబడుతుంది, 0 ఉంటే కనబడనే కనబడదు. గొడవంతా మధ్యలో ఉన్నవాటితోనే, మరీ ముఖ్యంగా 1 నుంచి 20 వరకు ఉన్నవాటితో. తెల్ల నేపథ్యం మీద అవి కంటికి ఆనవు. వాటికి ‘దుమ్ము’ అని పేరు పెట్టుకున్నాను. లెక్కపెట్టింది ఇలా:

1. ఒక్క లేయర్‌నే కనబడేలా ఉంచి, ఆల్ఫా పోకుండా పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.
2. దాన్ని గింప్‌లో తెరిచి, హిస్టోగ్రామ్‌లో (ఏ విలువకి ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే పటం) ఆల్ఫా ఛానెల్ ఎంచుకోవాలి.
3. కింది పట్టీని 1 నుంచి 20 వరకు జరిపితే ఆ మధ్యన ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపిస్తుంది.
4. ఇలా 9 లేయర్లకీ చేసి కూడాలి.

విసుగు పుట్టించే పనే. కానీ అంకె లేకపోతే నిన్నటికన్నా ఇవాళ మెరుగయిందో లేదో కంటికి తెలియదు.

ఇప్పటిదాకా: సమయం 0:00, దుమ్ము 2,12,400.

దశ 1: తెల్ల కుంచెతో ‘చెరిపిన’ చోట్లు

మొదట తగిలింది అసలు ఎరేజర్ పనే కాదు. 4 లేయర్లలో నేను చెరపలేదు, తెల్ల రంగు తీసుకుని పైన పూసేశాను. కాగితం తెల్లగా ఉంటుంది కాబట్టి తెలుపు పూస్తే పోయినట్టేనన్నది పాత అలవాటు. కాన్వాస్ తెల్లగా ఉన్నంతకాలం ఆ అబద్ధం చెల్లింది.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో మీకు తెలియకుండానే ఇలా జరుగుతుంది. గింప్‌లో ఆల్ఫా ఛానెల్ లేని లేయర్ మీద ఎరేజర్ రుద్దితే అక్కడ నేపథ్య రంగు పడుతుంది. ఫొటోషాప్‌లో తాళం ఉన్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మీదా అంతే. చెరిపిన చోట, అక్కడేమీ లేదని చెప్పే గళ్ళ నమూనా కనబడకుండా ఏదైనా రంగు కనబడిందంటే, మీరు చెరపట్లేదు, రంగు వేస్తున్నారు. ముందు ఆల్ఫా ఛానెల్ చేర్చండి, లేదా దాన్ని మామూలు లేయర్‌గా మార్చండి.

ఆ తెలుపు తీయడానికి మొదట ‘కలర్ టు ఆల్ఫా’ ఫిల్టర్ వాడాను. తెలుపు ఎంచుకుని నొక్కగానే మరకలు మాయం. సంతోషపడి నీలం నేపథ్యం పెట్టి చూస్తే ఛాతీలోంచి కొమ్మ కనబడుతోంది! ఆ ఫిల్టర్‌కి మరక తెలుపు, ఈక తెలుపు అన్న తేడా తెలియదు. లేత బూడిద రంగులో ఉన్న తెలుపును కూడా లాగేసి, ఆ మేరకు పిక్సెల్‌ని పలచన చేస్తుంది. ఛాతీ ఈకలన్నీ లేత బూడిదే, కాబట్టి అన్నీ గాజుముక్కల్లా అయ్యాయి. కంట్రోల్-జడ్.

రెండోసారి చేసింది, పనికొచ్చింది:

1. పక్కనున్నవే పట్టుకునే ఎంపిక సాధనంతో, అంటే మ్యాజిక్ వాండ్ లాంటి దానితో, బొమ్మ బయటి తెల్ల మరక మీద నొక్కాను.
2. థ్రెషోల్డ్, అంటే రంగులో ఎంత తేడా ఉన్నవాటిని కలుపుకోవాలో చెప్పే అంకె, 8 దగ్గర పెట్టాను. 20 పెడితే చెవి ఈకలు కూడా ఎంపికలోకి వచ్చేస్తున్నాయి.
3. ఎంపికను 1 పిక్సెల్ పెంచాను. పెంచకపోతే మరక చుట్టూ సన్నని తెల్ల దారం మిగిలిపోతుంది.
4. డిలీట్.

మరకలు 37 ఉన్నాయి. 37 సార్లు నొక్కాను. పెద్దవన్నీ పోయాయి గానీ దుమ్ము అంకె తగ్గకపోగా పెరిగింది. మెత్తటి అంచున్న తెల్ల కుంచె కదా, థ్రెషోల్డ్‌కి చిక్కని పలచటి అంచులు గుండ్రటి ఉంగరాల్లా మిగిలాయి. పైగా ఇదివరకు తెలుపు కింద నిండుగా కప్పబడి ఉన్న పిక్సెళ్ళు కొన్ని ఇప్పుడు సగం సగంగా బయటపడ్డాయి.

ఇప్పటిదాకా: సమయం 3:20, దుమ్ము 2,38,900.

దశ 2: మెత్తటి ఎరేజర్ ఎందుకు ఎన్నటికీ పూర్తిగా చెరపదు

మిగతా 5 లేయర్లలో నిజంగానే ఎరేజర్ వాడాను. క్రిటాలో ‘ఈ’ కీ నొక్కితే చేతిలో ఉన్న కుంచే ఎరేజర్ అయిపోతుంది. మరి చారలు ఎందుకు మిగిలాయి? దీనికోసం విడిగా ఒక పరీక్ష కాన్వాస్ తెరిచాను. నల్లటి చతురస్రాలు వేసి, ఒక్కోదాన్నీ ఒక్కో ఒపాసిటీతో, అంటే ఎరేజర్ బలంతో, చెరుపుతూ, ప్రతి గీతకీ మిగిలిన ఆల్ఫా రాసుకున్నాను.

ఎరేజర్ చేసేది తీసివేత కాదు, గుణకారం. ఎరేజర్ బలం 20 శాతం అయితే ఉన్నదాంట్లో 80 శాతం మిగుల్చుతుంది. మళ్ళీ రుద్దితే ఆ మిగిలినదాంట్లో 80 శాతం మిగుల్చుతుంది. థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో కంపోజిటింగ్ (బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి కలపడం) గురించి రాసిన వ్యాసంలో ఉన్న లెక్కే ఇది. ఎరేజర్ అన్న పేరు మనం పెట్టుకున్నాం గానీ, ఇదీ ఒక బ్లెండింగ్ పద్ధతే.

20 శాతం ఒపాసిటీతో 255 నుంచి మొదలుపెడితే:

1 గీత తర్వాత 204
2 తర్వాత 163
3 తర్వాత 131
5 తర్వాత 84
10 తర్వాత 27
15 తర్వాత 9
20 తర్వాత 3
25 తర్వాత 1

పదో గీత దగ్గర ఆగి చూడండి. 27 అంటే దాదాపు పదో వంతు. లేత గోధుమరంగు ఈక పదో వంతు బలంతో తెల్ల కాన్వాస్ మీద ఉంటే అది అక్కడ ఉందని ఎవరూ కనిపెట్టలేరు. నేను ఎక్కడ ఆగి ఉంటానో నాకు బాగా తెలుసు: ఐదారు గీతల దగ్గర. 50 శాతం అయితే 128, 64, 32, 16 అలా దిగి, ఎనిమిదో గీతకి 1కి చేరుతుంది. 100 శాతం అయితే ఒక్క గీత చాలు.

‘నేనెప్పుడూ 20 శాతం పెట్టలేదే’ అనుకున్నాను. నా ఎరేజర్ 50లో ఉంది. అప్పుడు క్రిటా సెట్టింగుల్లో ఉన్న టాబ్లెట్ టెస్టర్ తెరిచి, మామూలుగా గీసినట్టే గీసి ప్రెషర్, అంటే పెన్నుని ఎంత గట్టిగా నొక్కుతున్నానో, చూశాను. నా చేయి 40 శాతం దగ్గర తిరుగుతోంది. 80 దాటించాలంటే పెన్ను విరుగుతుందేమో అనిపించేంతగా నొక్కాలి. ఒపాసిటీ ప్రెషర్‌కి ముడిపడి ఉంది కాబట్టి 50లో 40 శాతం, అంటే సరిగ్గా 20. పై పట్టీ నా చేతి పట్టీయే.

ఫ్లో ఇంకో మాయ. కుంచె గీత అంటే వరసగా పడే ముద్రలు. ఒక్కో ముద్ర ఎంత బలంగా పడాలో చెప్పేదే ఫ్లో. ముద్రల మధ్య దూరం కుంచె వెడల్పులో 10 శాతం ఉంటే గీత నడిమధ్యలో ఒక్కో పిక్సెల్ మీద దాదాపు 10 ముద్రలు పడతాయి. ఫ్లో 10 శాతం పెడితే 0.9ని పదిసార్లు గుణించినట్టు, అంటే 35 శాతం మిగులుతుంది. అది నడిమధ్య సంగతి. గుండ్రటి కుంచె అంచు దగ్గర పడేవి రెండో మూడో ముద్రలు, అక్కడ 70, 80 శాతం మిగిలిపోతుంది. (ముద్రల్ని కలిపే తీరు సాఫ్ట్‌వేర్‌ని బట్టి కొంత మారుతుంది, కాబట్టి మీ దాంట్లో ఒకసారి పరీక్షించుకోండి.) నా చారలు జంట పట్టాల్లా, మధ్య ఖాళీతో ఎందుకు ఉన్నాయో అప్పుడు అర్థమైంది. అవి చెరిపిన గీతల అంచులు.

మార్చినవి:

1. ఎరేజర్ ఒపాసిటీకి, ఫ్లోకి ప్రెషర్ తీసేశాను. రెండూ 100.
2. ప్రెషర్‌ని సైజుకి మాత్రం ఉంచాను. మెల్లగా నొక్కితే సన్నగా, గట్టిగా నొక్కితే వెడల్పుగా చెరుపుతుంది, కానీ ముట్టుకున్నచోట మొత్తం చెరుపుతుంది.
3. కుంచె ఎడిటర్‌లో ఎరేజర్‌కి విడి సైజు, విడి ఒపాసిటీ గుర్తుంచుకునే టిక్కులు పెట్టాను. అంతకుముందు కుంచె పెద్దది చేస్తే ఎరేజరూ పెద్దదయ్యేది.
4. పెన్ను తోకకి గట్టి అంచున్న గుండ్రటి ఎరేజర్ ఒక్కటే కేటాయించాను.

మెత్తటి ఎరేజర్‌ని తీసి పారేయలేదు. నీడని పలచన చేయడానికి అదే కావాలి. ‘ఇక్కడేమీ ఉండకూడదు’ అనుకున్న చోటకి మాత్రం రానివ్వను.

ఈ దశలో దుమ్ము ఏమీ తగ్గలేదు. పరీక్షలే.

ఇప్పటిదాకా: సమయం 5:20, దుమ్ము 2,38,900.

దశ 3: దుమ్ము కనబడేలా చేయడం, నా కొలతలో తప్పు

మొదట అన్నిటికన్నా కింద ముదురు గులాబీ రంగు లేయర్ పెట్టాను. తెల్ల దుమ్ము కొంత కనబడింది. 3, 4 ఆల్ఫా ఉన్నవి అయినా కనబడలేదు. తర్వాత చేసిన చిట్కా ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేస్తుంది:

1. లేయర్‌కి నకలు తీయండి. అసలుది దాచేయండి.
2. ఆ నకలుకి ఇంకో నకలు తీసి, రెండూ కలిపేయండి.
3. రెండో మెట్టు మొత్తం 5 సార్లు చేయండి. 2, 4, 8, 16, 32 పొరల బలం వస్తుంది.

ఆల్ఫా 3 ఉన్న పిక్సెల్ 32 పొరలయ్యాక దాదాపు 31 శాతం బలంతో కనబడుతుంది. 1 ఉన్నది కూడా 12 శాతం దగ్గరకొస్తుంది. ఎడమ రెక్క లేయర్‌కి ఇలా చేశాక నోట మాట రాలేదు. రెక్క చుట్టూ మరో మూడు రెక్కలున్నాయి. రెక్క కోణం ఎన్నిసార్లు మార్చానో అన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. ఒక మూల నేను కుంచె పరీక్షించడానికి గీసిన సున్నాలు కూడా!

అయితే ఇక్కడే ఇంకోటి తెలిసింది. దుమ్ము అని లెక్కపెట్టినవాటిలో కొన్ని దుమ్ము కాదు. గీత నునుపుగా కనబడాలంటే అంచున పలచటి పిక్సెళ్ళు ఉండి తీరాలి, వాటి ఆల్ఫా కూడా 1కీ 20కీ మధ్య ఉండొచ్చు. అవి పోతే అంచు మెట్లు మెట్లుగా అవుతుంది. అంటే అంకెని సున్నా చేయాలన్న నా లక్ష్యమే తప్పు.

అందుకని గింప్‌లో బొమ్మ అంచుకి 4 పిక్సెళ్ళ లోపు భాగాన్ని వేరుగా, అవతలి భాగాన్ని వేరుగా ఎంపిక చేసి లెక్కపెట్టాను. ఎంపిక ఉంటే హిస్టోగ్రామ్ దానిలోపలివే చూపిస్తుంది. అంచుకి చెందినవి 41,300. నిజమైన దుమ్ము 1,97,600. ఇకనుంచి రెండో అంకెనే రాస్తాను.

ఇప్పటిదాకా: సమయం 6:50, నిజమైన దుమ్ము 1,97,600.

దశ 4: ఊడ్చడం

మొదటి ప్రయత్నం కర్వ్స్‌తో, అంటే పిక్సెళ్ళ విలువల్ని ఒక వంపు గీతతో మార్చే సాధనంతో. ఆల్ఫా ఛానెల్ కర్వ్ తీసి 20 కన్నా తక్కువ ఉన్నవన్నీ సున్నాకి లాగాను. ఒక్క దెబ్బకి దుమ్ము పోయింది, ముఖం చుట్టూ ఉన్న సన్న వెంట్రుకలూ పోయాయి. 1 పిక్సెల్ వెడల్పు గీతలో సగానికి పైగా పలచటి పిక్సెళ్ళే ఉంటాయి, అవి బలి. 400 శాతం జూమ్‌లో చూస్తే వెంట్రుకలు చుక్కల వరసల్లా తెగిపోయి ఉన్నాయి. వెనక్కి.

రెండో ప్రయత్నం మొరటుది, కానీ బాగా పనిచేసింది. 32 పొరల నకలుని చూస్తూ, బొమ్మకి 10, 15 పిక్సెళ్ళు దూరంగా లాస్సోతో (చేత్తో గీసి ఎంపిక చేసే సాధనం) చుట్టూ గీసి, ఎంపికను తిరగేసి, అసలు లేయర్ మీద డిలీట్. లేయర్‌కి 6 నిమిషాలు. ఈ ముక్క మొదటిరోజే తట్టి ఉంటే ఆ 37 నొక్కుళ్ళు తప్పేవి.

తప్పింది ఒక్కచోట. ఐదు లేయర్లు అయ్యాక లెక్క చూస్తే కాళ్ళ లేయర్‌లో దుమ్ము తగ్గకుండా 31,000 పైన పెరిగింది. కారణం వెతకడానికి 40 నిమిషాలు పట్టింది. అంతకుముందు నీడ కోసం ఎంపిక అంచుని 10 పిక్సెళ్ళు మెత్తన చేశాను, అదే ఎంపికను మార్చి మార్చి ఇక్కడా వాడాను. మెత్తటి ఎంపికలో డిలీట్ కొడితే అంచున సగం సగమే చెరుగుతుంది. దుమ్ము ఊడ్చబోయి చుట్టూ కొత్త దుమ్ము గట్టు కట్టాను. ఎంపికను మొత్తం రద్దుచేసి, కొత్తగా గీసి, మళ్ళీ డిలీట్ చేస్తే పోయింది.

లాస్సో లోపల మిగిలినవి రెక్కకీ ఒంటికీ మధ్య సందు, కాళ్ళ మధ్య, కొమ్మ కింద. అక్కడ గట్టి ఎరేజర్‌తో చేతిపనే. 60 పిక్సెళ్ళ కుంచెతో మధ్యలో ఊడ్చి, 12 పిక్సెళ్ళ కుంచెతో అంచు దగ్గరకు వెళ్ళాను.

ఈ పనిలో ‘ఎరేజర్ పనిచేయట్లేదు’ అని తల పట్టుకున్న సందర్భాలు ఐదు. ఎరేజర్ ఒక్కసారీ చెడిపోలేదు. రెండుసార్లు వేరే లేయర్ మీద ఉన్నాను. ఒకసారి ఎక్కడో మూల చిన్న ఎంపిక మిగిలిపోయి దాని బయట ఏమీ చెరగలేదు. ఒకసారి ఆల్ఫా లాక్, అంటే పిక్సెళ్ళ ఆల్ఫా మారకుండా ఆపే తాళం, వేసి ఉంది. క్రిటాలో ఆ లాక్ ఉంటే ఎరేజర్ ఏమీ చేయదు, ఫొటోషాప్‌లో అయితే నేపథ్య రంగు పూసేస్తుంది. ఐదోసారి నేను 32 పొరల నకలుని చెరుపుతూ అసలు లేయర్‌ని చూస్తున్నాను.

ఇప్పటిదాకా: సమయం 10:00, నిజమైన దుమ్ము 1,140.

దశ 5: చెరపకుండా దాచడం

రెక్కల చివరలు ఇంకా తేలలేదు. ఎంత పొడుగుండాలో నాకే తెలియక చెరుపుతూ, గీస్తూ, చెరుపుతూ ఉన్నాను. చెరిపి గీసిన ప్రతిసారీ ఈక రంగు కొంచెం మారుతోంది, పాతది ఎలా ఉందో గుర్తుండట్లేదు.

అన్‌డూ ఉంది కదా అంటారా? దాని సంగతి చెబుతాను. పాత రెక్క ఎలా ఉందో చూద్దామని 30 సార్లు వెనక్కి వెళ్ళాను. చూశాను. మళ్ళీ ముందుకి రాబోతుంటే పెన్ను కొస టాబ్లెట్‌కి తగిలింది, ఒక్క చుక్క పడింది. ఆ చుక్కతో రీడూ మొత్తం పోయింది, దానితో పాటు 50 నిమిషాల పని. ఫైల్ మూసి తెరిస్తే అన్‌డూ చరిత్ర ఎలాగూ ఉండదు. పాతది చూడాలంటే ముందు వేరే పేరుతో సేవ్ చేసి చూడండి.

అందుకే రెక్కలకి ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ పెట్టాను:

1. లేయర్ మీద కుడి నొక్కు నొక్కి ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ చేర్చాలి.
2. మాస్క్ ఎంచుకుని నలుపుతో గీస్తే అక్కడ రెక్క మాయమవుతుంది, తెలుపుతో గీస్తే తిరిగొస్తుంది.
3. ‘ఎక్స్’ కీ నలుపు తెలుపుల్ని తారుమారు చేస్తుంది. కుడిచేత్తో పెన్ను, ఎడమచేతి వేలు ఎక్స్ మీద.

మాస్క్‌కి పిక్సెల్‌కి 1 బైటే కావాలి కాబట్టి నిండు మాస్క్ 12 మెగాబైట్లు. ఇంకో నకలు లేయర్ దాచి ఉంచితే 48. పాత రెక్క మొత్తం కిందే ఉంటుంది, రేపు మనసు మారినా పర్వాలేదు.

ఇందులోనూ బోర్లాపడ్డాను. మాస్క్ ఎంచుకుని ఉండగా ఈకకి గోధుమరంగు వేయబోయాను. మాస్క్‌కి రంగు తెలియదు, ఆ గోధుమరంగు దానికి ఒక బూడిద. ఈక అక్కడ సగం పారదర్శకమైంది. పది నిమిషాలపాటు ‘రంగు ఎందుకు పడట్లేదు’ అని అదేచోట రుద్దాను. ఇప్పుడు మాస్క్‌లన్నిటికీ ఎర్ర లేబుల్ రంగు పెట్టుకున్నాను. లేయర్ల జాబితాలో ఎరుపు మీద ఉన్నానంటే నలుపు తెలుపులు తప్ప వేరేవి ముట్టను.

మాస్క్‌లోనూ దుమ్ము ఉంటుంది. నలుపు అనుకున్నది నిజంగా 0 కాకుండా 5 అయితే రెక్క 2 శాతం కనబడుతూనే ఉంటుంది. మెత్తటి కుంచెతో నలుపు పూస్తే దశ 2 కథే మళ్ళీ. బయట వైపు గట్టి కుంచె, ప్రెషర్ లేని నలుపు.

ఇప్పటిదాకా: సమయం 12:25, నిజమైన దుమ్ము 960.

దశ 6: ఈకల అంచు

దుమ్ము పోయింది గానీ బొమ్మ కత్తెరతో కత్తిరించినట్టుంది. గుండ్రటి గట్టి ఎరేజర్ ఎక్కడ తాకిందో అక్కడ ఈక అంచు గాజులా నునుపుగా ఉంది. పక్కనే ఎరేజర్ తాకని ఈక చివర పళ్ళు పళ్ళుగా, నాలుగైదు సన్న పాయలుగా చీలి ఉంది. 100 శాతంలో తేడా అంత తెలియదు, 300 శాతంలో ఒకటి ఈక, ఒకటి అట్టముక్క.

గీసిన కుంచెతోనే చెరపాలి. బ్రిసిల్ కుంచె తీసుకుని ‘ఈ’ కీ నొక్కి, బయటి నుంచి లోపలికి, ఈక పెరిగే దిశకి ఎదురుగా చిన్న చిన్న గీతలు పెట్టాను. చీలికలు వచ్చాయి. దుమ్మూ వచ్చింది! బ్రిసిల్ కుంచె వెంట్రుకల మధ్య సందులుంటాయి, అక్కడ చెరగదు. కుడి రెక్క ఒక్కటే చేసేసరికి దుమ్ము 960 నుంచి 3,020కి ఎగబాకింది.

వరస మార్చాక కుదిరింది:

1. ముందు బ్రిసిల్ ఎరేజర్‌తో అంచుని చీల్చాలి, 12 నుంచి 15 పిక్సెళ్ళ లోతు మాత్రమే.
2. తర్వాత గట్టి ఎరేజర్‌తో బయట మిగిలిన తునకల్ని ఊడ్చాలి, చీలిక కొసలకి 3 పిక్సెళ్ళ దూరంలో ఆగాలి.
3. 32 పొరల నకలుతో ఒకసారి చూసుకోవాలి.

మొదట గట్టిది, తర్వాత బ్రిసిల్ అన్న వరసలో చేశాను కాబట్టే తునకలు మిగిలాయి. ఎడమ రెక్కకి కొత్త వరసలో 35 నిమిషాలు పట్టింది, కుడి రెక్కకి గంటా 20.

ఇప్పటిదాకా: సమయం 15:15, నిజమైన దుమ్ము 410.

దశ 7: తెల్ల అంచు, దాన్ని చెరపకూడదని తెలియడం

నీలం మీద, నలుపు మీద, ముదురు ఆకుపచ్చ మీద పెట్టి చూశాను. మరకలు లేవు, చారలు లేవు. కానీ తల చుట్టూ సన్నటి తెల్ల గీత, ఎవరో సుద్దముక్కతో చుట్టినట్టు. గట్టి ఎరేజర్‌తో 1 పిక్సెల్ లోపలికి చెరిపాను. కింద ఇంకో తెల్ల గీత. ఇంకో పిక్సెల్. మళ్ళీ తెలుపే. తల చిన్నదవుతోంది గానీ గీత తరగట్లేదు.

ఐడ్రాపర్ లాంటి రంగు పట్టే సాధనంతో ఒక్కో పిక్సెల్ నొక్కి చూశాక సంగతి తెలిసింది. తెల్ల కుంచె మెత్తటి అంచు అప్పట్లో ఈక రంగులోకే కలిసిపోయింది. అంచు నుంచి 4 పిక్సెళ్ళ లోపలి దాకా గోధుమరంగులో తెలుపు ఉంది. అది ఆల్ఫా సమస్య కాదు, రంగు సమస్య. ఎరేజర్ ఎంత చెరిపినా తీరేది కాదు.

1. చెరిపిన రెండు పిక్సెళ్ళూ అన్‌డూ చేశాను.
2. ముఖం లేయర్‌కి ఆల్ఫా లాక్ వేశాను. ఇక ఎంత పూసినా ఉన్న పిక్సెళ్ళ రంగే మారుతుంది, అంచు ఆకారం మారదు.
3. అంచుకి 8 పిక్సెళ్ళ లోపలి నుంచి గోధుమరంగు పట్టి, 6 పిక్సెళ్ళ కుంచెతో అంచు మీదుగా లాగాను.
4. ప్రతి వేలెడు దూరానికీ రంగు మళ్ళీ పట్టాను. ఒకే రంగుతో మొత్తం చుడితే అదీ గీతలాగే కనబడుతుంది.

తలకి 25 నిమిషాలు, ఛాతీకి 20, మిగతాది కాళ్ళకి. తీసేయాల్సిన తెలుపుని చెరపకుండా పైన రంగు వేసి పోగొట్టడం, మొదటిరోజు చేసిన తప్పుకి సరిగ్గా తలకిందులు.

గింప్‌లో లెక్కపెడుతూ తెలిసిన ముక్క ఒకటి: అక్కడే గీసి అక్కడే చెరిపిన లేయర్ మీద ఆల్ట్ పట్టుకుని ఎరేజర్ రుద్దితే చెరిపినది తిరిగొస్తుంది. ఆల్ఫా సున్నా అయినా కింద రంగు మిగిలే ఉంటుంది మరి. దుమ్ము వేటలో పడి 15 నిమిషాలు దీంతోనే ఆడుకున్నాను, ఆ సమయమూ లెక్కలో ఉంది.

ఇప్పటిదాకా: సమయం 16:35, నిజమైన దుమ్ము 410.

ఆ 410 ఎక్కడున్నాయో చూశాను. 380కి పైగా కొమ్మ బెరడు సందుల్లో ఉన్నాయి, అక్కడ ఎలాగూ ముదురు రంగే, వదిలేశాను. మిగిలినవి ఎడమ కాలి మధ్య గోరు చుట్టూ. ఆ గోరుకి తెల్ల అంచు కూడా ఇంకా ఉంది, 200 శాతంలో స్పష్టంగా కనబడుతుంది. గోరు వెడల్పే 9 పిక్సెళ్ళు, అందులో రెండు వైపులా నాలుగేసి పిక్సెళ్ళు తెలుపు కలిసినవైతే లోపలి నుంచి పట్టడానికి మంచి రంగు మిగల్లేదు. ఆ ఒక్క గోరూ కొత్త లేయర్ మీద మళ్ళీ గీస్తాను.